దశాంశ గణన, సున్నా ఆరంభం: పది మీటర్ల ఎయిర్ రైఫిల్ నియమాల పరిశీలన

1907లో ఏర్పడి నేడు ఐఎస్ఎస్ఎఫ్ పేరుతో వ్యవహారంలో ఉన్న అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య, 2013లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్ విభాగంలో రెండు మార్పులు తెచ్చింది. అర్హత రౌండుకు కూడా దశాంశ గణనను వర్తింపజేయడం మొదటిది, ఫైనల్‌ను సున్నా నుంచి ఆరంభించడం రెండవది. ఒకే సంస్కరణలో భాగంగా వచ్చినా ఇవి పరస్పర విరుద్ధమైనవి. మొదటిది షూటర్ చూపిన సూక్ష్మతకు పూర్తి విలువ కట్టగా, రెండవది ఆ సూక్ష్మతతో అతడు సంపాదించుకున్న ఆధిక్యాన్ని ఫైనల్ గుమ్మం దగ్గరే తుడిచివేసింది.

ఈ విభాగంలో వాడే పెల్లెట్, అంటే సీసపు గుండు, వ్యాసం 4.5 మిల్లీమీటర్లు కాగా, లక్ష్యం నడుమ ఉండే పది పాయింట్ల చుక్క వ్యాసం 0.5 మిల్లీమీటర్లే. గుండు అంచు ఆ చుక్కను తాకితే చాలు పది దక్కుతుంది కనుక, గుండు మధ్యబిందువు లక్ష్యకేంద్రానికి 2.5 మిల్లీమీటర్ల దూరంలో పడినా, సరిగ్గా కేంద్రంలోనే పడినా పూర్ణాంక గణనలో ఫలితం ఒక్కటే. దశాంశ గణన ఈ దూరాన్ని 0.25 మిల్లీమీటర్ల చొప్పున విభజించి, 10.0 నుంచి 10.9 వరకు వేర్వేరు విలువలు ఇస్తుంది. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ 595 పాయింట్లు సాధించి కూడా, సమాన స్కోర్లను విడదీసే కౌంట్‌బ్యాక్ లెక్కలో తొమ్మిదవ స్థానానికి జారి, ఎనిమిది మందికే చోటున్న ఫైనల్‌కు దూరమయ్యాడు. అతని పదులు కేంద్రానికి ఎంత దగ్గరగా పడ్డాయన్నది నాటి నియమం అడగనే లేదు. ఈ లోపాన్ని సరిదిద్దిన దశాంశ గణన న్యాయమైన మార్పు అనడంలో సందేహం లేదు.

సున్నా ఆరంభం విషయంలో అంత నిశ్చయంగా చెప్పడం కష్టం. పాత పద్ధతిలో అర్హత స్కోరుకు ఫైనల్‌లోని పది షాట్ల దశాంశ స్కోరును కలిపేవారు. బీజింగ్‌లో 596తో ఫైనల్ చేరిన అభినవ్ బింద్రా, 598తో ఉన్న ఫిన్లాండ్ షూటర్ హెన్రీ హాకినెన్‌ను చివరి షాట్‌కు ముందు సమం చేసి, ఆ షాట్‌లో 10.8 కొట్టి 700.5తో స్వర్ణం గెలవగా, 9.7 దగ్గర తడబడిన హాకినెన్ కాంస్యంతో సరిపెట్టుకున్నాడు. వెనుకబడినవాడు పుంజుకోవడానికి పాత నియమం అడ్డు కాలేదని దీనివల్ల తెలుస్తుంది. 2012 లండన్‌లో రుమేనియాకు చెందిన అలిన్ మోల్దోవియాను, నారంగ్ ఇద్దరూ ఫైనల్‌లో 103.1 చొప్పునే సాధించారు. అర్హత రౌండులో 599, 598 మధ్య ఉన్న ఒక్క పాయింటు తేడాతో మొదటివాడికి 702.1తో స్వర్ణం, నారంగ్‌కు 701.1తో కాంస్యం వచ్చాయి. నేటి నియమమే ఆనాడు ఉంటే ఆ పది షాట్ల తర్వాత ఇద్దరూ సమానంగా నిలిచేవారు.

ప్రేక్షకుడికి ఉత్కంఠ పెంచిన మాట నిజమే గాని, ఈ మార్పు ఒక్క షాట్ బరువును విపరీతంగా పెంచింది. పారిస్ 2024లో ఫైనల్ 24 షాట్లది. పన్నెండవ షాట్ నుంచి ప్రతి రెండు షాట్లకు ఒకరు వైదొలగాలి. ఇరవై షాట్లలో 208.4, అంటే సగటున 10.42, సాధించిన అర్జున్ బబుటా చివరి షాట్‌లో 9.5 పడడంతో నాలుగవ స్థానంలో వైదొలిగాడు. 75 నిమిషాల్లో 60 షాట్లు కాల్చే అర్హత రౌండు స్థిరత్వానికి అసలైన పరీక్ష కాగా, దాని ఫలితంలో కొంత భాగాన్నైనా ఫైనల్‌కు చేర్చని నియమం ఆ స్థిరత్వాన్ని ప్రవేశార్హతగా మాత్రమే గుర్తిస్తోంది.