బహిరంగ స్థలాలలో నివాసం - చట్టాలు

ఇల్లు లేనివారు వీధులు, కాలిబాటలు, ఉద్యానవనాలు, రైల్వే ఆవరణల వంటి బహిరంగ స్థలాలలో పడుకోవడాన్ని, గుడారం వేసుకోవడాన్ని నేరంగా గాని, తొలగించదగిన ఆక్రమణగా గాని పరిగణించే చట్టాలను గురించి ఈ వ్యాసం వివరిస్తుంది. అమెరికాలోని పలు నగరాలలో ఇందుకు ప్రత్యేక శాసనాలున్నాయి. ఆంధ్ర ప్రదేశ్‌లో ఆ పేరుతో ప్రత్యేక చట్టం లేదు. భూ ఆక్రమణ, యాచక నిరోధ, రైల్వే, పురపాలక చట్టాలు కలిసి దాదాపు అదే పని చేస్తున్నాయి. శ్రీకాకుళం జిల్లాలోని పలాస, టెక్కలి, ఉద్దానం ప్రాంతాన్ని ఉదాహరణగా తీసుకొంటే ఇది సులభంగా బోధపడుతుంది.

నిర్వచనం

2011 జనాభా లెక్కలలో కట్టడమంటూ లేకుండా రోడ్డు ప్రక్కన, కాలిబాట మీద, సిమెంటు గొట్టాలలో, వంతెనల క్రింద, గుడి మండపాలలో, రైల్వే ప్లాట్‌ఫారాల మీద ఉండేవారిని నిర్వాసులుగా గుర్తించి, ఫిబ్రవరి 28 రాత్రి లెక్కించారు. దేశం మొత్తంమీద వీరి సంఖ్య సుమారు 17.7 లక్షలు. వీరందరినీ బిచ్చగాళ్ళుగా భావించడం సరికాదు. కూలిపని, రిక్షా, చిత్తుకాగితాల సేకరణ వంటి వృత్తులవారు వీరిలో ఎందరో ఉన్నారు. చట్టం మాత్రం ఈ భేదాన్ని తరచు పాటించదు.

చరిత్ర

తిరుగుతూ జీవించడమే అపరాధమనే భావన మనకు ఆంగ్లేయుల పాలనలో చట్టరూపం ధరించింది. ఇంగ్లండులో 1824లో దేశదిమ్మరుల చట్టం వచ్చింది. భారతదేశంలో 1871లో నేరస్థ జాతుల చట్టం చేశారు. 1911లో ఈ చట్టాన్ని సవరించి మద్రాసు రాజధానికి కూడా వర్తింపజేశారు. సంచార జీవనం గడిపే ఎరుకలవారి వంటి కులాల ప్రజలు పోలీసుల అనుమతి లేకుండా మకాం మార్చే వీలు లేకపోయింది. 1913లో సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో ఏర్పడిన స్టూవర్టుపురం అటువంటి నిర్బంధ నివాసమే. స్వాతంత్ర్యానంతరం 1952లో ఈ చట్టం దేశమంతటా రద్దయినది.

ఆంధ్ర ప్రదేశ్‌లో వర్తించే చట్టాలు

వీటిలో ముఖ్యమైనది 1905 నాటి భూ ఆక్రమణ చట్టం. ఇది మద్రాసు రాజధానిలో పుట్టి నేటికీ కొనసాగుతున్నది. ప్రభుత్వ భూమిలో అనుమతి లేకుండా ఉన్నవారిపై శిస్తు విధించవచ్చు. దీనినే రెవెన్యూ పరిభాషలో శివాయి జమ అంటారు. శిస్తు కట్టినంత మాత్రాన హక్కు రాదు. నోటీసు ఇచ్చి, సమాధానం విని, ఆ తరువాత ఖాళీ చేయించే అధికారం రెవెన్యూ అధికారులకు ఉన్నది. గుడిసె అయినా, టార్పాలిన్ పట్టా అయినా చట్టం దృష్టిలో ఆక్రమణే. నోటీసు అందుకోవడానికి చిరునామాయే లేనివానికి ఈ రక్షణ ఎంతవరకు ఉపకరిస్తుందన్నది ఆలోచించవలసిన విషయం.

1977 నాటి యాచక నిరోధ చట్టం బహిరంగ స్థలాలలో భిక్షాటనను నిషేధించింది. రాష్ట్ర విభజన తరువాత తెలంగాణలోనూ ఇది కొనసాగింది. 2017 నవంబరులో హైదరాబాదులో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సుకు ముందు పోలీసు కమిషనరు రెండు నెలలపాటు యాచనను నిషేధించారు. వీధులలోని వారిని చంచల్‌గూడ జైలు ఆవరణలోని ఆశ్రమం వంటి చోట్లకు తరలించారు. ఇవిగాక 1989 రైల్వే చట్టం అనుమతి లేకుండా రైల్వే ఆవరణలో ఉండడాన్ని నేరంగా పేర్కొంటుంది.

పలాస, టెక్కలి, ఉద్దానం

జీడిపప్పు పరిశ్రమకు పేరుపొందిన పలాస హౌరా - చెన్నై రైలుమార్గం మీద, జాతీయ రహదారికి ఆనుకొని ఉన్నది. ఉద్దానం కొబ్బరి, జీడి, పనస తోటల సీమ. ఇక్కడి నుండి హైదరాబాదు, చెన్నై వంటి నగరాలకు కూలీలుగా వలస వెళ్ళేవారు ఎక్కువ. అంటే, నగరాల చట్టాలు ఈ ప్రాంతపు ప్రజలకు పరాయివి కావు. తన ఊరిలో ఇల్లున్నవాడే నగరంలో ఇల్లు లేనివాడు కావచ్చు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస సమీపంలో తీరం దాటి తోటలను, ఇళ్ళను ధ్వంసం చేసింది. అటువంటి రోజులలో బడులు, తుఫాను షెల్టర్లు అందరికీ తెరుస్తారు. మామూలు రోజులలో ఆ ఏర్పాటు లేదు. 2013లో ప్రారంభమైన జాతీయ పట్టణ జీవనోపాధుల పథకం లక్ష పట్టణ జనాభాకు నూరు మందికి సరిపడే శాశ్వత ఆశ్రయం ఉండాలని నిర్దేశించింది. పలాస-కాశీబుగ్గ పురపాలక సంఘ జనాభా 2011లో సుమారు 57 వేలు. లక్షను ప్రమాణంగా తీసుకొన్న లెక్కలో ఇటువంటి చిన్న పట్టణాల వాటా అస్పష్టం. ఉద్దానం పల్లెలకు ఈ పట్టణ పథకం వర్తించలేదు.

న్యాయస్థానాల తీర్పులు

బొంబాయి కాలిబాట నివాసుల కేసులో (ఓల్గా టెల్లిస్, 1985) జీవనోపాధి హక్కు రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు ప్రకటించింది. ఈ తీర్పును గూర్చి చెప్పేవారు రెండవ సగాన్ని తరచు విస్మరిస్తారు: కాలిబాటను ఆక్రమించే హక్కు ఎవరికీ లేదని, తగిన పద్ధతిలో తొలగించవచ్చునని కూడా అదే తీర్పు చెప్పినది. 2018 ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు యాచనను శిక్షించే నిబంధనలను కొట్టివేసినది. అయితే అది ఢిల్లీకి వర్తించే బొంబాయి చట్టానికి సంబంధించినది. 2021లో సుప్రీంకోర్టు, పేదరికం వల్లనే జనం భిక్షకు దిగుతారని అంటూ, యాచకులను వీధుల నుండి తొలగించాలన్న అభ్యర్థనను అంగీకరించలేదు.

అమెరికాలో

2024 జూన్ 28న గ్రాంట్స్ పాస్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు 6-3 ఆధిక్యతతో, బహిరంగ స్థలాలలో మకాం వేసినవారిని శిక్షించడం క్రూర శిక్షల నిషేధానికి విరుద్ధం కాదని తీర్పు చెప్పింది. తెలుగువారు గణనీయంగా ఉన్న టెక్సాస్‌లో 2021 నుండే రాష్ట్రవ్యాప్త నిషేధం ఉన్నది. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ 2025 ఫిబ్రవరిలో చేసిన శాసనం గుడారవాసులకు సహకరించడాన్ని కూడా నేరంగా చేర్చింది. విమర్శలు రావడంతో మరుసటి నెలలోనే ఆ భాగాన్ని తొలగించారు.

ఓటు హక్కు

భారత ఎన్నికల సంఘం నియమాల ప్రకారం ఇల్లు లేనివారు కూడా ఓటర్లుగా నమోదు కావచ్చు. దరఖాస్తులో తెలిపిన చోట ఆ వ్యక్తి నిద్రిస్తున్నదీ లేనిదీ బూత్ స్థాయి అధికారి రాత్రివేళ వెళ్ళి స్వయంగా పరిశీలిస్తారు. అట్లు ధ్రువపడితే వేరే నివాస పత్రం అవసరం లేదు.