గాజు పూత ఉక్కు తొట్లు: తయారీ, ఉపయోగం, పరిమితులు

ఉక్కు రేకుల మీద గాజును కరిగించి అతికించి, ఆ రేకులను బోల్టులతో బిగించి నిలబెట్టే పెద్ద నిల్వ పాత్రను గాజు పూత ఉక్కు తొట్టి అంటారు. తాగునీరు, ఊరి మురుగునీరు, కర్మాగారాల వ్యర్థజలం మొదలైనవాటిని వీటిలో నిలువ చేస్తారు. గాజు అనగానే కిటికీ అద్దాన్ని ఊహించుకోనక్కరలేదు. మన ఇళ్ళలో పెద్దల కాలం నుండి ఉన్న ఎనామెల్ పళ్ళెమే దీనికి దగ్గరి బంధువు. ఏళ్ళ తరబడి పులుసు పోసినా ఆ పళ్ళెం చెడదు. కిందపడి పూత రాలిందంటే మాత్రం ఆ చోట నల్లమచ్చ ఏర్పడి, తుప్పు మొదలవుతుంది. ఈ తొట్ల బలమూ, బలహీనతా రెండూ ఆ పళ్ళెంలోనే కనబడతాయి.

తళవాయిపురం వంటి ఊరికి ఈ విషయంతో పని ఏమిటని అడగవచ్చు. దళవాయి అనే సేనాపతి పదవిని పేరులో నిలుపుకున్న ఈ ఊరు నేడు కుట్టుపనికి పేరుపొందింది. పక్కనున్న రాజపాళయంలో 1936లో నూలుమిల్లు వెలసింది. ఛత్రపట్టిలో బ్యాండేజీ గుడ్డ తయారవుతుంది. నూలుకు రంగు వేయాలన్నా, గుడ్డను తెల్లబరచాలన్నా నీరు కావాలి. వాడిన నీటిని ఎక్కడో ఒకచోట పట్టి ఉంచాలి. ఆ పట్టి ఉంచే పాత్ర కారితే మొదట చెడేది పక్క పొలంలోని బావి.

తయారీ విధానం ఇది. కర్బనం తక్కువగా ఉండే ఉక్కు రేకును ఎన్నుకొని, కావలసిన రంధ్రాలన్నీ ముందే చేసి, ఉపరితలాన్ని గరుకుచేసి శుభ్రపరుస్తారు. ఉక్కులో కర్బనం ఎక్కువైతే కొలిమిలో వాయువు పుట్టి పూతలో బుడగలు వస్తాయి. పొడిచేసిన ప్రత్యేకపు గాజును బంకమన్ను, నీరు కలిపి పిచికారి చేసి, ఆరబెట్టి, 800 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిలో కాలుస్తారు. గాజు కరిగి ఇనుముతో రసాయనికంగా బంధం కుదుర్చుకుంటుంది. ఈ బంధాన్ని గట్టిపరచేది కోబాల్టు ఆక్సైడు. చాలా తొట్లకు ముదురు నీలివర్ణం దానివల్లనే వచ్చింది. చల్లారేటప్పుడు ఉక్కు గాజుకంటె ఎక్కువగా ముడుచుకొంటుంది. అందువల్ల పూత ఎల్లప్పుడూ నొక్కుడులో ఉంటుంది. సాగదీస్తే పగిలే గాజు నొక్కుడును చక్కగా ఓర్చుకొంటుంది. రేకు కొద్దిగా వంగినా పూత పగలకపోవడానికి కారణం ఇదే. ఉక్కులో చిక్కుకున్న హైడ్రోజన్ తరువాత వెలువడితే పూత చేపపొలుసుల్లా లేస్తుంది. పనివారు ఆ లోపాన్ని ఆ పేరుతోనే పిలుస్తారు. పూత మందం మిల్లీమీటరులో పావు నుండి అర వంతు లోపే.

అమెరికాలోని ఏ.ఓ. స్మిత్ సంస్థ 1940ల చివర పశుగ్రాసం నిలువ చేయడానికి హార్వెస్టోర్ అనే నీలిరంగు గోపురాలను ప్రవేశపెట్టింది. పులిసిన మేతలోని ఆమ్లం మామూలు ఇనుమును తినివేసేది. రైతు అవసరానికి పుట్టిన ఈ వస్తువు ఆ తరువాతనే పట్టణాల నీటికి, మురుగుకు చేరింది. ఇప్పుడు బోల్టు తొట్ల రూపకల్పనకు ఐ.ఎస్.ఓ. 28765 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది.

తెలుగు నేలపై ఈ విద్యకు కేంద్రం హైదరాబాదు. అక్కడి ఔషధ పరిశ్రమకు ఆమ్లాలను తట్టుకొనే గాజు పూత పాత్రలు నిత్యావసరం. నాచారంలో ద దీత్రిష్ సంస్థకు ఉన్న తయారీ కేంద్రాన్ని 2020లో జి.ఎం.ఎం. ఫాడ్లర్ తీసుకొంది, హైదరాబాదుకే చెందిన స్టాండర్డ్ గ్లాస్ లైనింగ్ టెక్నాలజీ 2025 జనవరిలో షేర్ బజారులో నమోదైంది. అయితే ఇవి బోల్టులతో బిగించేవి కావు. అతుకు వేసి పూర్తిచేసిన పాత్రకు మందమైన పూత పూసి, మొత్తంగా కొలిమిలో కాల్చినవి. సూత్రం ఒకటే, పని వేరు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. తొట్టి ఎంత గట్టిదైనా నీటిని శుద్ధి చేయదు. హైదరాబాదు సమీపంలోని పటాన్‌చెరులో సుమారు 90 మందుల కర్మాగారాల వ్యర్థజలం చేరే శుద్ధి కేంద్రం నుండి వెలువడిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నదని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రకటించారు. అది శుద్ధి జరిగిన తరువాతి నీరు! తమిళనాట తిరుప్పూరు అద్దకపు నీరు నొయ్యల్ నదిని, ఒరత్తుపాళయం ఆనకట్టను పాడుచేయగా, మద్రాసు ఉన్నత న్యాయస్థానం 2011 జనవరిలో అద్దకపు కార్ఖానాలను మూయించింది. ఉప్పునీరు మామూలు ఉక్కును, కాంక్రీటులోని కమ్మీలను కొరుకుతుంది కనుక అక్కడ గాజు పూతకు విలువ ఉంది. కాని శుద్ధి యంత్రం నడవకపోతే అందమైన తొట్టిలో మురుగు నిలువ ఉన్నట్టే.

పంచాయతీ ఎత్తుతొట్టి సంగతి వేరు. కొన్ని పదుల వేల లీటర్ల నీటికి కాంక్రీటు చాలు; సిమెంటు, తాపీమేస్త్రీ దగ్గరలోనే దొరుకుతారు. లక్షల లీటర్లు నిలువ చేయాలన్నప్పుడు, లేదా మురుగు నుండి గ్యాసు తీసేచోట గాజు పూత లాభం తెలుస్తుంది. ఆ గ్యాసులోని హైడ్రోజన్ సల్ఫైడు నీటి మట్టానికి పైభాగాన కాంక్రీటును, ఇనుమును ముందుగా తినేస్తుంది. నిర్మాణం కూడా వేగం: పై వరుసను ముందు బిగించి, జాకీలతో లేపుతూ కింది వరుసలు చేరుస్తారు. అవసరమైతే విప్పి మరొక చోటికి తరలించవచ్చు.

కొనేవారు అడగవలసినవి కొన్ని ఉన్నాయి. ప్రతి రేకునూ అధిక వోల్టేజి విద్యుత్తుతో పరీక్షించి సన్నని రంధ్రాలు లేవని నమోదు చేశారా? అతుకుల మధ్య బంక తాగునీటికి తగినదేనా? దాని ఆయుష్షు గాజుకంటె తక్కువ. కారడం మొదలయ్యేది చాలాసార్లు అక్కడే. కట్టేచోట ఎవరైనా రేకుకు కొత్త రంధ్రం వేసినా, వెల్డింగు పెట్టినా పూత పోయినట్టే. నిచ్చెన, గొట్టం ఎక్కడ అమర్చాలో ముందే నిర్ణయించాలి. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం, వేడి గాఢ క్షారం గాజునే కరిగిస్తాయి, కాబట్టి వేడి కాస్టిక్ సోడా వాడే కార్ఖానా తన ద్రవం వివరం తయారీదారుకు దాచకుండా చెప్పాలి. లోపల దిగి శుభ్రంచేసేవారు ఇనుప పారలు వాడరాదు. మురుగు తొట్టిలోనైతే గాలి పరీక్షించకుండా మనిషిని దింపనే రాదు.