దారికడ్డంగా ఒక శిల్పం

'టిల్టెడ్ ఆర్క్' ఫొటో మొదటిసారి చూసినప్పుడు, మధ్యలో ఆపేసిన గోడేమో అనుకున్నాను. 120 అడుగుల పొడవు, 12 అడుగుల ఎత్తు, రెండున్నర అంగుళాల మందం ఉన్న ఉక్కు పలక. కాస్త వంపు తిరిగి, కాస్త ఓ పక్కకి ఒరిగి, ఒళ్లంతా తుప్పు రంగుతో ఉంటుంది. బొమ్మ లేదు, కథ లేదు. 1981లో న్యూయార్క్ ఫెడరల్ ప్లాజాలో, ప్రభుత్వ ఆఫీసుల ముందున్న ఖాళీ జాగాని రెండుగా చీలుస్తూ నిలబెట్టారు. 1989లో తీసేశారు. ఈ గొడవలో న్యాయం ఎవరి వైపుందో చాలా రోజులు తేల్చుకోలేకపోయాను.

చేసింది రిచర్డ్ సెర్రా. 1938లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టాడు. తండ్రి షిప్‌యార్డ్ కార్మికుడు. చిన్నప్పుడు అక్కడ ఓ పెద్ద ఓడ నీళ్లలోకి జారి, అంత బరువూ ఒక్కసారిగా తేలిపోవడం చూశాడు. ఆ దృశ్యం జీవితాంతం తనని వదల్లేదని చెప్పుకునేవాడు. చదువుకునే రోజుల్లో ఖర్చుల కోసం స్టీల్ మిల్లుల్లో పనిచేశాడు. ఉక్కు అతనికి గ్యాలరీలో పరిచయమైన వస్తువు కాదు.

అతను ఎంచుకున్నది కోర్టెన్ ఉక్కు. మామూలు ఇనుముకి తుప్పు చెద లాంటిది, తినేస్తుంది. కోర్టెన్‌కి తుప్పే కవచం. రాగి, క్రోమియం లాంటివి కొద్దిగా కలిపిన ఈ ఉక్కు, వానకి తడిసి ఎండకి ఆరుతూ ఉంటే పైన గట్టి పొర కడుతుంది. నారింజ రంగులో మొదలై ఏళ్ల మీద ముదురు గోధుమ రంగుకి తిరుగుతుంది. 1930లలో అమెరికాలో బొగ్గు మోసే రైలు వ్యాగన్ల కోసం వాడకంలోకి వచ్చింది. మన గూడ్సు వ్యాగన్లలోనూ ఈ రకం ఉక్కు వాడారు. అంటే దీనికి కావాల్సింది రంగూ పాలిషూ కాదు, కాలం.

ఆ కాలమే దొరకలేదు. రోజూ ఆ ప్లాజా దాటే ఉద్యోగులు అది దారికడ్డం అన్నారు. తిన్నగా నడిచే చోట చుట్టూ తిరగాల్సొచ్చింది. సెర్రా ఉద్దేశమూ అదే! నడుస్తున్న మనిషికి తన నడక, తను నిలబడ్డ చోటు తెలియాలనే దాన్నలా పెట్టాడు. మొదట్లో నేను పూర్తిగా సెర్రా పక్షం. తర్వాత మా ఆఫీసు ముందు రోడ్డు మూసేసి, యూటర్న్ కిలోమీటరు అవతల పెట్టారు. నాకూ నా దారి బాగా తెలిసొచ్చింది. చిరాకు మాత్రమే మిగిలింది. ఆ గుమస్తాల కోపాన్ని 'కళ తెలియనితనం' అని కొట్టిపారెయ్యడం ఆ రోజుతో మానేశాను.

అయితే కథ అక్కడితో అయిపోలేదు. 1985 మార్చిలో బహిరంగ విచారణ జరిగింది. 180 మంది మాట్లాడారు. 122 మంది ఉంచమన్నారు, 58 మంది తీసెయ్యమన్నారు. ఐదుగురి ప్యానెల్ మాత్రం 4-1తో అక్కణ్ణుంచి తరలించమని తేల్చింది. ఆ చోటు కోసమే చేసిన శిల్పాన్ని మార్చడమంటే నాశనం చెయ్యడమేనని సెర్రా కోర్టుకెళ్లాడు. శిల్పం ప్రభుత్వ ఆస్తి, ఏం చెయ్యాలో ప్రభుత్వం ఇష్టం అని 1988లో అప్పీలు కోర్టు చెప్పింది. 1989 మార్చి 15 రాత్రి దాన్ని మూడు ముక్కలు చేసి పట్టుకుపోయారు.

ఇక్కడే నాకు విషయం అర్థమైంది. పెట్టేటప్పుడు ఆ దారిన నడిచేవాళ్లని ఎవరూ అడగలేదు. తీసేటప్పుడు అడిగారు గానీ, చెప్పింది లెక్కలోకి తీసుకోలేదు. రెండుసార్లూ నిర్ణయం పైవాళ్లదే. కళాకారుడికీ జనానికీ జరిగిన పోట్లాటలా కనిపించిన దాంట్లో ఇద్దరూ ఓడిపోయారు.

2005 నుంచి బిల్బావ్ గుగ్గెన్‌హైమ్ మ్యూజియంలో సెర్రా ఉక్కు వంపులు బారులు తీరి ఉన్నాయి. జనం వాటి మధ్య ఇష్టంగా దారి తప్పుతుంటారు. అదే ఉక్కు, అదే ఒరగడం. కాకపోతే అక్కడికి టికెట్టు కొనుక్కుని, మనంతట మనం వెళ్తాం.

సెర్రా 2024 మార్చిలో పోయాడు. ఫెడరల్ ప్లాజాలో నిలబెట్టిన పలక మళ్లీ ఎక్కడా నిలబడలేదు. ఉండనిచ్చి ఉంటే ఈపాటికి ముదురు గోధుమ రంగుకి వచ్చేది. జనం అలవాటు పడేవాళ్లో, ఇంకా తిట్టుకుంటూనే చుట్టూ తిరిగేవాళ్లో!