నరసాపురం లేసు: తీరికకు కట్టిన వెల

నరసాపురము చెంతనున్న మాధవాయపాలెములో 17వ శతాబ్దమునందే ఆంగ్లేయుల వర్తకస్థానము వెలసెను. ఆ యూరి పేరే ‘మాడపొల్లం’ అను నూలుబట్టకు ఐరోపా విపణిలో నిలిచిపోయినది. ఆ ప్రాంతమునుండియే సముద్రములు దాటిన మరియొక సరుకు లేసు. కాని దానిని అల్లిన స్త్రీలు చిరకాలము లెక్కకే రాలేదు.

ఈ విద్య మనది కాదు. 19వ శతాబ్దములో క్రైస్తవ మిషనరీల కుటుంబ స్త్రీలు దీనిని గోదావరి ప్రాంతమునకు తెచ్చి, కొత్తగా మతము స్వీకరించిన నిరుపేద స్త్రీలకు నేర్పిరి. నూలు తామే ఇచ్చి, సరుకును స్వదేశమందలి మిత్రులకు అమ్మిరి. పిదప వర్తకులు ప్రవేశించిరి. గడప దాటని కాపు గృహిణులకును ఈ పని అందినది. కొక్కెపు సూదియు నూలును ఉన్న చాలును, మగ్గ మక్కరలేదు. ఇదియే దీని బలము, ఇదియే బలహీనత.

ఏజెంటు నూలిచ్చి సరుకు తీసికొనును. చేతిపనివారు పువ్వులల్లుదురు; అతుకుపనివారు వానిని కూర్చి టేబిలుగుడ్డలుగా, కాలరులుగా తీర్చుదురు. కూలి వస్తువు లెక్కనే గాని కాలము లెక్కన లేదు.

జర్మన్ సామాజికశాస్త్రవేత్త మరియా మీస్ ఈ స్త్రీలనుగూర్చి వ్రాసిన గ్రంథము 1982లో వెలువడెను. ఇంటిపని గాక దినమునకు ఆరు నుండి ఎనిమిది గంటలు అల్లినను, వారి రాబడి కనీస వేతనమునకు ఎంతో తక్కువని ఆమె కనుగొనెను. దీనిని సమర్థించిన మాట ఒక్కటే: ‘ఇది గృహిణుల తీరికవేళ పని.’

ఆ మాటను ఎదిరించినవారును కలరు. 1972లో అహమ్మదాబాదున ఇలా భట్ స్థాపించిన ‘సేవ’ స్వయంఉపాధి స్త్రీలకు కార్మికసంఘమైనది. ఇంటినుండి పనిచేయువారికి ఇతర శ్రామికులతో సమానత్వము కోరు ఒడంబడికను అంతర్జాతీయ కార్మికసంస్థ 1996లో ఆమోదించినది. భారతదేశము నేటికిని దానిని ధ్రువీకరింపలేదు.

2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఊరి పేరునకు రక్షణ కలిగినది, సంతోషము. కాని పేరును కాపాడుట వేరు, కూలిని కాపాడుట వేరు. న్యాయవాణిజ్యమనగా అల్లినవారి గంటలను ధరలో లెక్కించుట. పనివేళలను, వేతనశ్రేణులను క్షుణ్ణముగా నెరిగిన మనబోటి ఉద్యోగులకు ఈ లెక్క కొత్తది కాదు. లేసు బేరమాడునపు డైనను దానిని మరువకుందుము గాక!