గొట్టంలోంచి వెలుతురు

పైమీటను బొటనవేలితో పక్కకి తోసి, గొట్టాలు కిందికి వంచుతాడు పెదనాన్న. బీరువాలోంచి తీసింది ఇప్పుడే. లోపల తూటా లేదని ఇంట్లో అందరికీ తెలుసు. అయినా రెండు తూటా గదులూ ఖాళీయేనని ముందు తను చూసుకుని, తరవాత వచ్చినాయనకి చూపిస్తాడు. అప్పుడు గానీ చేతికివ్వడు. ఇచ్చేటప్పుడూ అట్టా వంచే ఇస్తాడు.

"మూసిన తుపాకీ ఎవరికీ ఇయ్యగూడదు బాబూ. ఎవరిదగ్గరా పుచ్చుకోగూడదు. మా నాయన నాకు నేర్పిన మొదటి ముక్క అది."

పల్నాడు అచ్చంపేటలో పెదనాన్న వాళ్ళ వసారా. మాఘమాసం, మధ్యాహ్నం మూడు దాటింది. పక్కనే కల్లంలో తేజ రకం మిరపకాయలు ఎర్రగా పరుచుకుని ఎండుతున్నాయి. గాలి ఇటు తిరిగినప్పుడల్లా ఆ ఘాటు వసారాలోకి వస్తోంది. అలవాటు లేని వచ్చినాయన రెండుసార్లు తుమ్మాడు. పెద్దమ్మ లోపలినుంచి మజ్జిగ తెచ్చి ఆయన పక్కన పెట్టింది. ఆయన చూపు మాత్రం తుపాకీ మీదే ఉంది.

ఈ తుపాకీ కొందామని హైదరాబాదులో పొద్దున్నే బయలుదేరాడట. జగ్గయ్యపేట మీదుగా ముక్త్యాల వచ్చి, కారును బల్లకట్టు ఎక్కించి, కృష్ణ దాటి మాదిపాడు రేవులో దిగాడు. నలభై దాటిన మనిషి. ట్రాప్ షూటింగ్ ఆడతాడు. ఎక్కణ్ణుంచో రివ్వున ఎగిరే పళ్ళేన్ని గాల్లోనే పగలగొట్టే ఆట అది. మట్టి పళ్ళెం అంటారు గానీ, సున్నపురాయి పొడీ తారూ కలిపి పోసిన బిళ్ళ. అడ్డకొలత 110 మిల్లీమీటర్లు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో గగన్ నారంగ్ కంచు పతకం తెచ్చాక ఎయిర్ రైఫిల్ అంటే ఏమిటో మన ఇళ్ళలో తెలిసింది. తూటా తుపాకీతో ఆడే ఈ ఆట అంతగా తెలియదు. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మన హైదరాబాదు కుర్రాడు కైనన్ చెనాయ్ ట్రాప్ జట్టుతో బంగారు పతకం, ఒంటరిగా కంచు పతకం తెచ్చినప్పుడు మా వసారాలో ఆ వార్త రెండుసార్లు పైకి చదివించుకున్న మనిషి పెదనాన్న.

బీరువా తాళం తియ్యకముందే పెదనాన్న ఆయన లైసెన్సు పుస్తకం అడిగి తీసుకున్నాడు. కళ్ళజోడు పెట్టుకుని పేజీలన్నీ తిప్పాడు. ఫొటో, విశిష్ట సంఖ్య, గడువు తేదీ, ఇంకో తుపాకీ కొనుక్కోవచ్చని అధికారి రాసిన అనుమతి, చెల్లుబాటయ్యే ప్రాంతం. తెలంగాణ మనిషి కాబట్టి ఆ చివరి గడి దగ్గర కాసేపు ఆగాడు. దేశమంతా అని ఉంది. పుస్తకం మూసి తిరిగిచ్చాక గానీ తాళంచెవి మొలతాడు నుంచి ఊడలేదు.

నేను తుపాకీని ముట్టను. నాకు లైసెన్సు లేదు. నూనె డబ్బా, పాత గ్లాస్గో పంచె చింపిన గుడ్డపీలికలు పట్టుకుని పక్కన కూర్చోవడం నా పని. చిన్నప్పట్నించీ ఇంతే.

తుపాకీ బర్మింగ్‌హామ్‌ది. వెబ్లీ అండ్ స్కాట్ కంపెనీ చేసింది. పక్కపక్కన రెండు గొట్టాలు, పన్నెండు బోరు. ఒక పౌను సీసాన్ని పన్నెండు సమాన గుండ్లుగా పోస్తే ఒక్కో గుండు ఎంత లావుంటుందో ఈ గొట్టం లోపలి కొలత అంత. పద్దెనిమిదిన్నర మిల్లీమీటర్లు. గుంటూరులో పొగాకు కంపెనీ ఉద్యోగం చేసి సీమకి తిరిగిపోతున్న ఒక దొర దగ్గర మా తాత 1961లో కొన్నాడు. అంటే మా ఇంటికి వచ్చేనాటికే అది ఒక చెయ్యి మారింది. ఆ కంపెనీ 1979లో ఇట్టాంటి తుపాకులు చెయ్యడం మానేసింది. మన దేశంలోకి బయటి తుపాకుల దిగుమతి 1980ల నడుమ ఆగిపోయింది, పేరున్న షూటర్లకి తప్ప. అందుకే ఇట్టాంటి పాత తుపాకీకి పుట్టిన ఊళ్ళో కన్నా మన దగ్గర విలువెక్కువ. కొత్తది రాదు. ఉన్నదాన్నే ఒకరి తరవాత ఒకరు కాపాడుకోవాలి.

వచ్చినాయన అడుగుచెక్క ఊడదీశాడు. గొట్టాల జతను మడమ నుంచి వేరు చేశాడు. గొట్టాల కిందున్న కొక్కేనికి చూపుడువేలు తగిలించి వేలాడదీసి, రెండో చేతి వేలికణుపుతో ఒక్కటి తట్టాడు.

ఖంగున మోగింది. దెబ్బ అయిపోయాక కూడా మోత సన్నగా సాగుతూ వసారా దూలాల దాకా పోయింది. పెద్దమ్మ గడపలో ఆగి విన్నది. రెండు గొట్టాలనీ కలిపే నడిమి పట్టీ ఎక్కడైనా అతుకు వదిలితే ఆ మోత రాదు, పగిలిన కుండ చప్పుడొస్తుంది. ఆయన మొహం విచ్చుకుంది. పెదనాన్న మొహంలో మార్పేమీ లేదు. ఆ మోత ఆయనకి అరవై ఏళ్ళ నుంచి తెలుసు.

తరవాత వచ్చినాయన గొట్టాన్ని ఆకాశం వైపు పెట్టి లోపలికి చూశాడు. ఈ చూపు మీరు కూడా చూడాలి. నున్నటి ఉక్కు లోపల వెలుతురు వలయాలు వలయాలుగా, చెరువులో రాయి వేసినప్పుడు లేచే అలల్లా, ఒకదానిలో ఒకటి ఒదిగి దూరంగా చిన్నదవుతూ పోతుంది. గొట్టానికి ఎక్కడైనా సొట్ట పడితే సరిగ్గా అక్కడ వలయం వంకరపోతుంది. తుప్పు తిన్నచోట మశూచి మచ్చల్లా నల్లటి చుక్కలు కనపడతాయి. కుడి గొట్టం చూసి తలాడించాడు. ఎడమది కళ్ళకెత్తుకుని, కొంచెం తిప్పి, మళ్ళీ తిప్పాడు.

ఆయన నోరు తెరవకముందే పెదనాన్న అన్నాడు: "గదికి అవతల జానెడు దూరంలో. మూడు మచ్చలు. కనపడినయ్యా?"

"కనపడినయ్యండి."

"1979లో నాయన పోయాడు. ఆఖరిసారి ఆయన కాల్చి పెట్టిందది. ఆ వానాకాలం బీరువా తీయబుద్ధి గాలా నాకు. గుడ్డ పెట్టలా. నాలుగు నెల్లకి తీసి చూస్తే అట్టా ఉంది. తప్పు నాదే. ఆ తరవాత ఇది ఇంట్లో ఉండగా ఒక్క ఆదివారం తప్పలా."

ఆ నాటి కొన్ని తూటాల రంజకం కాలితే ఉప్పులాంటి పదార్థం పుట్టేది. కాల్చాక అది గొట్టంలో మిగిలి తేమను పీల్చుకుంటుంది. అదేరోజు కడక్కపోతే ఉక్కును తినేస్తుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అమ్మేవాడు నోరెత్తకపోయినా కొనేవాడి కంటికి ఆ మచ్చలు ఎట్టాగూ పడతాయి. అయినా అడక్కముందే చెప్పాడు మా పెదనాన్న. పాత తుపాకీ బేరంలో నేను చూసిన గొప్ప మర్యాద అదే. వచ్చినాయన కొలతపరికరంతో ఆ చోట గొట్టం మందం చూశాడు. సరిపడా ఉంది. మచ్చల్ని వేలితో తడిమినట్టుగా, బయటివైపు అదే చోట ఒకసారి నిమిరాడు.

తుపాకీ మళ్ళీ బిగించి, సిగరెట్ పెట్టెలోని పల్చటి కాయితం చింపి, గొట్టాలకీ వెనకదిమ్మకీ మధ్య పెట్టి మూశాడు. లాగితే రాలేదు. కీలు వదులు కాలేదన్నమాట. మడమ మెడ దగ్గర కొయ్య చీలిందేమో చూశాడు. తర్వాత గొట్టాల అడుగున పరీక్షాశాల ముద్రలు. బర్మింగ్‌హామ్‌లో 1813 నుంచి ఉన్న పరీక్షాశాల ప్రతి గొట్టాన్నీ మామూలుకన్నా ఎక్కువ మందుతో పేల్చి, నిలబడితేనే కిరీటం ముద్ర కొడుతుంది. ఆ ముద్రల పక్కనే ఒక అంకె ఉంది: రెండున్నర అంగుళాలు.

ఆయన అక్కడ ఆగిపోయాడు.

"అరవై అయిదు మిల్లీమీటర్ల గది పెద్దాయనా ఇది. ఇప్పుడు మేం ఆడే తూటాలన్నీ డెబ్బై."

"పడతయ్యి గదా అని పెట్టేవు సుమా."

పడతాయి, నిజమే. కాల్చని తూటా మూతి మడతపెట్టి ఉంటుంది కాబట్టి పొట్టిగా ఉండి చక్కగా కూర్చుంటుంది. పేలినప్పుడు ఆ మడత విచ్చుకుంటుంది. విచ్చుకోవడానికి గది చాలక గొట్టం ఇరుకులోకి పొడుచుకుని, సీసపు గుళ్ళ దారికి అడ్డం పడి లోపలి ఒత్తిడి పెరుగుతుంది. పాత తుపాకీ కొనేవాళ్ళకి తెలిసి తీరాల్సిన ముక్క ఇది. బేరం ఇక్కడితో చెడిందనుకున్నాను. పోటీకి పనికిరాని తుపాకీ ఆయనకెందుకు?

ఆయన తుపాకీని భుజానికెత్తి, కల్లం అవతలున్న తాటిచెట్టు తలవైపు గురి పెట్టకుండానే చూపు సాగదీసి, దించాడు. "పోటీకి నాకు ఇంకోటుంది. ఒకదాని మీద ఒకటి గొట్టాలున్నది. ఇది క్లబ్బు రేంజిలో ఆదివారం పూట పొట్టి తూటాలతో పది పళ్ళేలు కొట్టుకోడానికి. మా నాన్న దగ్గర ఇట్టాంటిదే ఉండేది. ఆయన పోయినప్పుడు నేను చిన్నవాణ్ణి, ఎవరికో ఇచ్చేశారు."

పెదనాన్న ఏమీ అనలేదు. రంగూన్ ఆయిల్ ఖాళీ సీసా ఒకటి ఇప్పటికీ బీరువాలో ఉంటుంది. దాన్ని తెచ్చి ఆయనకి వాసన చూపించాడు. ఇప్పుడు మేం వాడేది కుట్టుమిషను నూనె. కానీ ఆ సీసా మూత తీస్తే మా తాత వాసన వస్తుందంటాడు పెదనాన్న.

పల్నాడులో తుపాకీ అన్న మాటకి బయటివాళ్ళ మనసులో వేరే బొమ్మ ఉంటుంది. కక్షలు, నాటుబాంబులు, పోలింగు రోజు వార్తలు. ఆ బొమ్మ ఊరికే రాలేదు, కాదనను. దాని పక్కనే ఈ వసారా కూడా ఉంది. పెదనాన్న బీరువా పైఅరలో రబ్బరుబ్యాండు వేసిన రసీదుల కట్ట ఉంది. ఎన్నికల ప్రకటన వచ్చినప్పుడల్లా లైసెన్సు తుపాకులు అప్పగించమంటారు. 2019లో ఇచ్చాడు, 2024లో ఇచ్చాడు, అంతకుముందూ ప్రతిసారీ ఇచ్చాడు. ఇచ్చేముందు నూనె దట్టంగా పూసి, తెచ్చుకున్నాక రోజంతా కూర్చుని తుడిచేవాడు. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చాక కృష్ణ లంకల్లో పిట్టల వేట మానేశారు తాతా, ఈయనా. పందులు మిరపచేను తొక్కినా తుపాకీ బయటికి రాలేదు. డబ్బా వాయించి తోలారు. తాత పోయాక దసరాకి ఆయుధపూజ, ఆదివారం నూనె, అంతే దాని బతుకు. పెళ్ళిలో గాల్లోకి కాల్చమని ఒకసారి చుట్టాలు పట్టుబడితే పంక్తిలోంచి లేచి వచ్చేశాడు. 2019లో మారిన చట్టం అట్టాంటి కాల్పులకి రెండేళ్ళ దాకా జైలు పెట్టింది. ఈయన లేచి వచ్చేసింది దానికి ఎన్నో ఏళ్ళ ముందు.

ఆ 2019 డిసెంబరు చట్టమే మనిషికి మూడు తుపాకుల పరిమితిని రెండుకి దించింది. పెదనాన్న దగ్గర మూడున్నాయి: ఇది, ఒక ఒంటిగొట్టం, మా ముత్తాత నాటి మందు దట్టించే తుపాకీ. ఏడాదిలోగా ఒకటి అప్పగించాలి. ముత్తాతది ఇచ్చేశాడు. గజాన్నర పొడుగుండేది. ఇచ్చొచ్చిన రోజు అన్నం తినలేదని పెద్దమ్మ చెబుతుంది.

డెబ్బై దాటినవాళ్ళు వారసుడి పేరు రాసిస్తే అతనికి లైసెన్సు ఇచ్చే వీలు 2016 నియమాల్లో ఉంది. వారసుడు మా అన్నయ్య, టెక్సాసులో ఉంటాడు. పోయిన సంక్రాంతికి వీడియో కాల్‌లో తన తుపాకీ చూపించాడు. అక్కడ దుకాణంలో అయితే ఒక ఫారం నింపాలి, పాత కేసులేమైనా ఉన్నాయేమో ఆరా తీస్తారు. ఆ రాష్ట్రంలో ఉండే ఇద్దరు మామూలు మనుషులు తమలో తాము అమ్ముకుంటే ఆ ఆరా కూడా చట్టం అడగదు. పెదనాన్న కాసేపు ఆ తుపాకీ పనితనం మెచ్చుకుని, "కాయితం లేకుండా చేతులు మారితే, రేపు అది యాడుందో ఎవరు చెబుతార్రా?" అన్నాడు. ఆ ప్రశ్న నాకూ ఉంది. మన దగ్గర తిరగాల్సిన ఆఫీసులు ఎక్కువే, నెలలు పట్టేమాటా నిజమే. అయినా ఈ తుపాకీ 1961 నుంచి ఏ ఒక్క రాత్రి ఎక్కడ పడుకుందో కాయితం మీద చెప్పొచ్చు. దానికి నేను విలువిస్తాను.

ధర రెండు మాటల్లో తేలింది. బయానా ఇవ్వబోతే పెదనాన్న పుచ్చుకోలేదు. "ముందు కాయితం."

ఆ కాయితం ఇప్పుడు రాస్తున్నాడు. ఆయుధాల చట్టం ప్రకారం సొంత తుపాకీ అమ్మదలచినవాడు జిల్లా మేజిస్ట్రేటుకో, దగ్గరి పోలీసు స్టేషనుకో రాతపూర్వకంగా చెప్పాలి. చెప్పాక నలభై ఐదు రోజులు గడవాలి. అప్పటిదాకా తుపాకీ ఇల్లు కదలదు. నరసరావుపేట కలెక్టరు గారికి అని మొదలుపెట్టి, ఈయన వివరాలు, ఆయన వివరాలు, గొట్టం మీది అంకెలు ఒక్కొక్కటే నన్ను చదవమని, తను రాసి, మళ్ళీ నాతో చదివించి సరిచూసుకున్నాడు. శుక్లాల కన్ను చెమర్చితే పంచె కొంగుతో ఒత్తుకున్నాడు.

గోడమీద క్యాలెండరు దగ్గర నిలబడి వేలితో లెక్కపెట్టాడు. ఉగాదికి మూడు రోజుల ముందు పూర్తవుతాయి.

"పండగ పూట రా బాబూ. పచ్చడి తిని తీసుకుపోదువుగాని. అమ్మాయినీ పిల్లల్నీ కూడా తీసుకురా."

కారు మాదిపాడు దారి పట్టింది. చీకటి పడకముందే రేవు చేరాలి. కల్లంలో కూలీలు మిరపకాయల మీద పట్టాలు కప్పుతున్నారు. పెదనాన్న మళ్ళీ వసారాలో కూర్చుని, గొట్టాలు వేరు చేసి, చెయ్యి చాపాడు. గుడ్డపీలిక మీద నూనె నాలుగు చుక్కలు వేసి అందించాను. మొన్న ఆదివారమే తుడిచాడు కదా అని నేను అనలేదు. ఎడమ గొట్టంలో కడ్డీ పోనిచ్చి, జానెడు లోపలికి వెళ్ళాక ఆపి, అక్కడే మెల్లగా తిప్పుతున్నాడు.