మామయ్యగారి లెక్కలో ఏడు

పోయిన శ్రావణమాసంలో మా ఇంట్లో రూ.1,600 లెక్క తేలలేదు. రెండు వారాలు ఎవరూ ఎవరితోనూ మామూలుగా మాట్లాడుకోలేదు. సంగతి చెప్పాలంటే ముందు మా మామయ్యగారి పద్దుల పుస్తకం గురించి చెప్పాలి.

మేముండేది బంజారా హిల్స్. ఆ పేరు చెబితే మా గుంటూరు చుట్టాలు మాకేదో పెద్ద బంగళా ఉందనుకుంటారు. నిజానికి మాది పంజాగుట్ట వైపు దిగే వాలులో పాత అపార్ట్‌మెంటు. మామయ్యగారికి 84 ఏళ్లు. ట్రెజరీలో గుమాస్తాగా చేరి, అక్కడే పైకొచ్చి, 1999లో రిటైరయ్యారు. అప్పట్నుంచీ ఇంటిఖర్చు లెక్క ఆయనదే. ఒకటో తారీఖున మావారు డబ్బు తెచ్చి ఆయన చేతికిస్తారు. అది చిన్న ఇనప్పెట్టెలో ఉంటుంది. ఎవరం ఎంత తీసుకున్నా ఆయనకి చెప్పాలి. రాత్రి భోజనమయ్యాక పుస్తకంలో రాసుకుంటారు. నెలాఖర్న కూడికలన్నీ తన క్యాలిక్యులేటర్ మీద వేస్తారు. అది 1981లో మా చినమామయ్యగారు కువైట్ నుంచి తెచ్చింది. వెనకాల మేడ్ ఇన్ జపాన్ అని ఉంటుంది. అరచేతిలో ఇమిడే వస్తువు.

ఆషాఢం లెక్కలో పెట్టెలో రూ.700 ఎక్కువ తేలాయి. "లక్ష్మీదేవి వచ్చింది" అని నవ్వుకున్నాం. శ్రావణం లెక్కలో రూ.1,600 తక్కువ పడ్డాయి.

"పెట్టెల పైసలు తక్కువున్నయ్ బిడ్డా" అన్నారు మామయ్యగారు. ఎవర్నీ అనలేదు. కానీ ఆ మాట అన్నప్పుడు మా పనమ్మాయి హాల్లో ఊడుస్తోంది. మర్నాడు వచ్చి తన పర్సు నా ముందు తెరిచి పెట్టింది. "పదకొండేండ్ల సంది వస్తున్న అక్కా, చూసుకో" అంది. నాకు నోట మాట రాలేదు.

ఆ రాత్రి మావారు గొంతు తగ్గించి, "నాన్నకి మతిమరుపు మొదలైందేమో. రెండు నెల్లు వరసగా తప్పాయి. డాక్టరుకి చూపిద్దాం. ఈలోగా ఆ లెక్కలు నువ్వు తీసుకో" అన్నారు. తీసుకోవడం తేలికే. ఆయన చేతిలోంచి ఆ పుస్తకం తీసుకోవడమెలాగో నాకు తెలియలేదు.

మర్నాడు కాఫీ ఇస్తూ, ఏదో మాటల్లో అడిగినట్టు, "మామయ్యా, ఏడు పదమూళ్లు ఎంత?" అన్నాను. "తొంభై ఒకటి" అన్నారు, పేపర్లోంచి తలెత్తకుండా. "పదిహేడు ఎనిమిదులు?" "నూట ముప్ఫై ఆరు. ఏంది, పిల్లల హోమ్‌వర్కా?" మతి పోతున్న మనిషిలా లేరు.

మధ్యాహ్నం ఆ పుస్తకం తీసి పెన్సిలు పట్టుకుని రెండు నెలల లెక్కా నేనే కూడాను. రాసిన అంకెలన్నీ సరిగ్గా ఉన్నాయి. కూడికలే రెండు చోట్ల తప్పాయి. ఆషాఢంలో కూరలకి 72 అని రాసి ఉంది. కూడికలో అది 772 పడింది. శ్రావణంలో మందులకి 1,750. కూడికలో 150 పడింది. రెండిట్లోనూ ఏడే. క్యాలిక్యులేటర్ తీసుకొచ్చి ఏడు నొక్కాను. బటన్ లోపలికెళ్లి, నిద్రమొహంతో లేచినట్టు నెమ్మదిగా పైకొచ్చింది. అంకె పడలేదు. మళ్లీ నొక్కితే రెండు ఏళ్లు పడ్డాయి. తర్వాత నాలుగుసార్లు శుభ్రంగా పనిచేసింది. ఎప్పుడూ తప్పితే ఎవరికైనా అనుమానం వచ్చేది. అప్పుడప్పుడూ తప్పడం వల్లే ఎవరికీ రాలేదు. పైగా ఆయనకి కంట్లో శుక్లాలు. ఒక్కో అంకె పడుతోందో లేదో కనపడదు. చివరి మొత్తం మాత్రం భూతద్దం పెట్టి చూసుకుంటారు.

ఫోన్లో క్యాలిక్యులేటర్ ఉంది కదా అంటారేమో. చేతులు వణికే వాళ్లకి ఫోన్ అద్దం మీద వేలు ఎక్కడ ఆగుతుందో చెప్పలేం. వాళ్లకి వేలి కింద దిగే బటన్ కావాలి. అమీర్‌పేటలో సెల్‌ఫోన్లు రిపేరు చేసే కుర్రాడికి చూపిస్తే, "ఇది ఎవరూ చెయ్యరు ఆంటీ, కొత్తది కొనుక్కోండి" అన్నాడు. ఇంటికొచ్చి మామయ్యగారికి అదే చెప్పాను.

ఆయన కాసేపు మాట్లాడలేదు. "కొత్తది కొను బిడ్డా, నేనొద్దంటలేను. గానీ దీన్ని బాగుచేస్తేనే గదా, తప్పు నాదో దానిదో తెల్సేది" అన్నారు. ఆయన దగ్గర మేం దాచిన సంగతంతా ఆయనకి ముందే తెలుసని అప్పుడర్థమైంది.

కోఠీలో గుజరాతీ గల్లీకి వెళ్లాను. ఎలక్ట్రానిక్ సామాన్ల కొట్ల మధ్య ఒక పెద్దాయన దాన్ని తిప్పి చూసి, "దీనికి పార్టులేం వద్దమ్మా, కడిగితే చాలు. మీరే చేసుకోవచ్చు" అని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ సీసా, సన్న స్క్రూడ్రైవరు ఇచ్చారు. "థిన్నర్ మాత్రం ముట్టించకండి, ప్లాస్టిక్ కరిగిపోద్ది" అని హెచ్చరించారు.

ఆదివారం డైనింగ్ టేబుల్ మీద పాత తెల్ల పంచె పరిచి కూర్చున్నాం. స్క్రూలు ఊడదీయడం నా పని. హార్లిక్స్ మూతలో వేసి లెక్కపెట్టడం ఆయన పని. పనిలో పనిగా, ఈ వస్తువు కంటే ముందు ఆ ఇంట్లో లెక్క ఎలా నడిచిందో చెప్పుకొచ్చారు. పెళ్లయిన ఇరవయ్యారేళ్లలో అదంతా వినడం నాకు అదే మొదటిసారి.

వాళ్ల నాన్నగారికి అమీర్‌పేటలో కిరాణా కొట్టుండేదట. అప్పటికి అమీర్‌పేట ఊరి చివర. బంజారా హిల్స్ అంటే రాళ్లూ, లంబాడీ తండాలూ, ఆ రాళ్లను కలుపుకుని మెహదీ నవాజ్ జంగ్ లాంటివాళ్లు కట్టుకున్న బంగళాలూ. నిజాం రాజ్యానికి సొంత డబ్బుండేది, హాలీ సిక్కా. నాణెం మీద చార్మినార్ బొమ్మ. బయటి దేశమంతా నడిచే రూపాయిని ఇక్కడ కల్దారు అనేవాళ్లు. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దార్లకి సమానం. 1948లో హైదరాబాద్ ఇండియాలో కలిశాక కూడా హాలీ వెంటనే పోలేదు. రెండు రకాల డబ్బూ పక్కపక్కనే నడిచి, 1959లో హాలీ పూర్తిగా చెల్లకుండా పోయింది.

అంటే పదేళ్ల కుర్రాడు కొట్లో గల్లాపెట్టె దగ్గర కూర్చుంటే రోజంతా ఏడుతో భాగారమే. హాలీలో పదిన్నర అయిన సరుకుకి కల్దారు ఇస్తే ఎంత తీసుకోవాలి? "ఏడింట ఒకపాలు తియ్యి. తొమ్మిది" అని వాళ్ల నాన్నగారు నేర్పారట. కల్దారు నుంచి హాలీకి వెళ్లాలంటే ఆరింట ఒకపాలు కలపాలి. నూరు కల్దార్లకి 116 రూపాయల 10 అణాల 8 పైలు. మనం చదివింపుల్లో రాసే నూటపదహార్లు ఇక్కణ్ణుంచే వచ్చాయని పాతవాళ్లు చెప్పుకుంటారట. మా వైపు నూటపదహార్లు రాస్తాం కానీ ఈ లెక్క నేనెప్పుడూ వినలేదు.

అది చాలదన్నట్టు 1957 ఏప్రిల్ 1న నయాపైసలొచ్చాయి. రూపాయికి పదహారణాలు పోయి నూరు పైసలయ్యాయి. అణా అంటే ఆరుంబావు పైసలు. వీసం, పరక, పావు, అర అని సగాలు సగాలుగా విడగొట్టుకుంటూ పోయే లెక్కకి అలవాటుపడిన నోళ్లు పదులకి తిరగాల్సి వచ్చింది. కొట్టుకొచ్చేవాళ్లలో ఒకరు హాలీ, ఒకరు కల్దారు, ఒకరు అణాలు, ఒకరు నయాపైసలు. "గా నాలుగు లెక్కలు నోట్లనే తిరిగేటివి" అన్నారు ఆయన.

1962లో ట్రెజరీలో చేరితే అక్కడ ఫేసిట్ మిషనుండేదట. స్వీడన్ వాళ్లది, చేత్తో తిప్పేది. 23తో హెచ్చవెయ్యాలంటే మూడుసార్లు తిప్పి, ఒక స్థానం జరిపి, ఇంకో రెండుసార్లు తిప్పాలి. అదీ సెక్షనుకి ఒకటే. చిత్రమేమిటంటే, ఇదే ఊళ్లో 1967లో ఏ.ఎస్. రావుగారి ఆధ్వర్యంలో ఈసీఐఎల్ మొదలైంది. టీడీసీ-12 కంప్యూటర్ 1969లోనే వచ్చింది. అటు అణుశక్తి శాఖ కంప్యూటర్లు తయారుచేస్తుంటే, ఇటు గుమాస్తాలు హ్యాండిల్ తిప్పుతూనే ఉన్నారు.

జేబు క్యాలిక్యులేటర్ కథ దాదాపు ఆ రోజుల్లోదే. జపాన్‌లో బిజికామ్ అనే లెక్కల మిషన్ల కంపెనీ కోసమే ఇంటెల్ 4004 అనే చిప్ తయారుచేసింది. 1971లో అది బజారులోకొచ్చింది. ఇవాళ మన ఫోన్లలో, కంప్యూటర్లలో ఉన్న మైక్రోప్రాసెసర్లకి అదే పెద్దక్క. 1972లో అమెరికాలో హెచ్‌పీ-35 వచ్చింది, ధర 395 డాలర్లు. అదే ఏడాది జపాన్‌లో క్యాసియో మినీ 12,800 యెన్లకి అమ్మారు. మొదట్లో ఎర్రగా వెలిగే అంకెలు బ్యాటరీలని తాగేసేవి. 1973లో షార్ప్ కంపెనీ ఎల్‌సీడీ తెర పెట్టాక బ్యాటరీ ఖర్చు పడిపోయింది.

మన దేశంలో దిగుమతుల మీద ఆంక్షలు. ఢిల్లీలో డీసీఎం లాంటి కంపెనీలు ఇక్కడే క్యాలిక్యులేటర్లు తయారుచేశాయి. అక్కడ పనిచేసిన శివ్ నాడార్ బృందం బయటికొచ్చి, ముందు మైక్రోకాంప్ పేరుతో క్యాలిక్యులేటర్లు అమ్మి, ఆ డబ్బుతోనే 1976లో హెచ్‌సీఎల్ పెట్టారు. మనబోటి ఇళ్లకి మాత్రం అది గల్ఫ్ సూట్‌కేసులోనే వచ్చింది. టేప్‌రికార్డరు, సెంటు సీసా, నైలాన్ చీరల పక్కన. నేను గుంటూరులో ఇంటర్ చదివినప్పుడు కూడా మా చేతుల్లో ఉన్నది క్లార్క్స్ టేబుల్సే. మామయ్యగారు దీన్ని మొదటిరోజు ఆఫీసుకి తీసుకెళ్తే సెక్షనంతా చుట్టూ మూగారట. ఆ తర్వాత మావారిని కూడా ముట్టుకోనివ్వలేదు.

మాటల్లో ఎనిమిది స్క్రూలూ వచ్చాయి. బ్యాటరీలు ముందే తీసేశాను. విప్పే ప్రతి దశలోనూ ఫోన్‌తో ఫోటో తీసుకున్నాను, మళ్లీ బిగించేటప్పుడు కావాలి కదా. తెరకీ బోర్డుకీ మధ్య సన్నటి రబ్బరు పట్టీ ఉంటుంది. దాన్ని కదిపితే అంకెలు సగం సగం కనపడతాయని కోఠీ పెద్దాయన చెప్పారు కాబట్టి ఆ వైపు పోలేదు.

లోపల అంత పెద్ద యంత్రమేం లేదు. బటన్ల కింద ఒక రబ్బరు షీటు. ప్రతి బటన్‌కీ ఒక చిన్న బుడిపె, దాని అడుగున నల్లటి కార్బన్ చుక్క. నొక్కితే ఆ చుక్క కింద బోర్డు మీదున్న రెండు గీతల్ని కలుపుతుంది. వదిలితే రబ్బరు పైకి లేస్తుంది. ఆ చుక్క మీద మురికి పడితే కలయిక సరిగ్గా ఉండదు. అసలు కలవకపోతే అంకె పడదు. కలిసి, విడిపోయి, మళ్లీ కలిస్తే చిప్ రెండుసార్లు నొక్కారనుకుంటుంది. 72 కాస్తా 772 అయింది ఇలాగే.

ఏడు బటన్ చుట్టూ గోధుమరంగు జిగురు, పాకం ఆరిపోయినట్టు. వేలితో తాకి చూశాను. వాసన కూడా ఇంకా పోలేదు. యాలకుల వాసన. మా ఇంట్లో టీలో యాలకులు వేసేది నేను.

వేసవిలో ఒకరోజు ఆయన బల్ల మీద టీ పెడుతుంటే కప్పు తొణికింది. క్యాలిక్యులేటర్ మీద నాలుగు చుక్కలు పడితే కొంగుతో తుడిచేసి వెళ్లిపోయాను. ఆ తర్వాత దాని గురించి ఆలోచించనే లేదు.

బటన్లని గోరువెచ్చటి నీళ్లలో, గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి కడిగాను. ముంజేతికి రాసుకునేంత మెత్తగా దూదిపుల్లని ఆల్కహాల్‌లో ముంచి రబ్బరు చుక్కల్నీ, బోర్డు మీది గీతల్నీ తుడిచాను. గట్టిగా రుద్దితే కార్బనే ఊడిపోతుంది. అన్నీ పూర్తిగా ఆరేదాకా, అంటే భోజనాలయ్యేదాకా ఆగాం. సాయంత్రం బిగించి, మామయ్యగారి చేతికే ఇచ్చాను. ఆయన ఏడు నొక్కుతూ పోయారు. తెర నిండా ఎనిమిది ఏళ్లు. ఒక్కటీ ఎగరలేదు, ఒక్కటీ రెండుగా పడలేదు. వెంటనే శ్రావణం లెక్క మళ్లీ వేశారు. పెట్టెలో ఉన్నదానికి పైసాతో సహా సరిపోయింది.

రాత్రి మావారికి చెప్పాను, టీ సంగతితో సహా. ఆయన చాలాసేపు ఆ పుస్తకం పేజీలు తిప్పుతూ కూర్చున్నారు. డాక్టరు దగ్గరికి వెళ్లాం గానీ మతిమరుపు డాక్టరుకి కాదు. రోడ్ నంబర్ 2లో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రికి. రెండు కళ్లకీ శుక్లాల ఆపరేషన్ అయింది.

కష్టమనిపించింది పనమ్మాయితో మాట్లాడటమే. మామయ్యగారు ఆమెని కూర్చోబెట్టి, "పైసలు పోలే బిడ్డా. మిషను తప్పు చెప్పింది" అన్నారు. "మిషను కాదు, నేను టీ ఒలకబోశాను" అన్నాను నేను. ఆమె ఇద్దర్నీ చూసి, "ఆ రోజే జరంత చూస్తే అయిపోవు గదా అక్కా" అంది. నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ వస్తోంది, మామూలుగానే మాట్లాడుతోంది. పర్సు మాత్రం ఇప్పుడు బయట, చెప్పుల దగ్గర సంచీలోనే వదిలి లోపలికొస్తుంది. నేను గమనిస్తూనే ఉన్నాను.

కార్తీకమాసం లెక్కలో మళ్లీ రూ.40 తేడా వచ్చింది. నా గుండె జారింది. మామయ్యగారు కొత్త కళ్లతో పేజీ మొత్తం పైనుంచి కిందికి చూశారు. ఒక చోట వేలు పెట్టి, పూలకిచ్చిన నలభై రాయడం మర్చిపోయానన్నారు.

"దీంట్ల ఏడు లేదు బిడ్డా. ఇది నాదే" అని ఆయనే దిద్దుకున్నారు.