అమెజాన్ అడవి కోసం ప్రాణాలిచ్చిన సిస్టర్ డొరొతీ స్టాంగ్ - అసలేం జరిగింది?

అమెజాన్ అనగానే మనకి అనకొండలు, తగలబడే చెట్లు గుర్తొస్తాయి. అక్కడ బతికే పేదోళ్ళు గుర్తురారు. వాళ్ళ మధ్యే జీవితం గడిపిన ఒక నన్ గురించి ఈరోజు చెప్పుకుందాం. సిస్టర్ డొరొతీ స్టాంగ్ 1931లో అమెరికాలోని ఒహాయోలో పుట్టారు. 1966లో బ్రెజిల్ వెళ్ళి, అక్కడి మనిషే అయిపోయారు.

అప్పుడు బ్రెజిల్‌లో సైనిక ప్రభుత్వం. 1970లో అమెజాన్ గుండా పెద్ద హైవే వేయడం మొదలుపెట్టి, కరువు ప్రాంతాల్లో భూమి లేని రైతుల్ని రమ్మని పిలిచింది. (అడవిలో అప్పటికే ఆదివాసులున్నారు. వాళ్ళనెవరు అడిగారు?) వచ్చినోళ్ళు చెట్లు కొట్టి, తగలబెట్టి, పంట వేశారు. చిక్కంతా ఇక్కడే ఉంది. ఆ అడవిలో సారం ఎక్కువగా చెట్లలోనే ఉంటుంది, చాలాచోట్ల మట్టిలో ఉండేది తక్కువ. చెట్లు పోతే కొన్నేళ్ళకే నేల పండదు. ఈలోపు పశువుల పెంపకం చేసే పెద్ద భూస్వామి దిగుతాడు, చేతిలో కాగితం, వెనక తుపాకులు. ఇలా దొంగ కాగితాలతో భూమి కొట్టేయడాన్ని అక్కడ గ్రిలాజెమ్ అంటారు. గ్రిలో అంటే కీచురాయి. కొత్త పత్రాన్ని కీచురాళ్ళున్న పెట్టెలో పడేస్తే పసుపెక్కి, పాత దస్తావేజులా కనిపించేదట! పేద రైతేమో ఇంకాస్త లోపలికెళ్ళి మళ్ళీ అడవి కొట్టాలి.

ఇదంతా కళ్ళారా చూసిన డొరొతీ, ప్రార్థన చేసుకోండి అని చెప్పి ఊరుకోలేదు. అడవి పోతే పేదోడు మళ్ళీ రోడ్డున పడతాడని ఆమెకి అర్థమైంది. పారా రాష్ట్రంలోని అనాపులో, 20 శాతం నేలలోనే సాగు చేసి మిగతా 80 శాతం అడవిని అలాగే ఉంచే ప్రభుత్వ పథకం కోసం పట్టుబట్టారు. అక్రమంగా చెట్లు కొట్టేవాళ్ళ మీద ఫిర్యాదుల మీద ఫిర్యాదులు పెట్టారు. బెదిరింపులొచ్చినా కదల్లేదు.

2005 ఫిబ్రవరి 12. అడవి దారిలో ఇద్దరు ఆమెని అడ్డగించారు. ఆయుధం ఉందా అని అడిగితే సంచిలోంచి బైబిల్ తీసి, ధన్యతల భాగం చదివారు. ఆరుసార్లు కాల్చారు. ఆమెకి అప్పుడు 73 ఏళ్ళు.

ఐదు రోజుల్లోనే ప్రభుత్వం పారాలో 33 లక్షల హెక్టార్లకి పైగా అడవిని రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. బతికుండగా మొరపెట్టుకుంటే కదలని ఫైలు అలా కదిలింది! కాల్చినవాళ్ళు త్వరగానే దొరికారు. చంపించిన భూస్వాముల్లో ఒకరికి 2007లో 30 ఏళ్ళ శిక్ష పడింది, 2008లో నిర్దోషి అన్నారు, 2010లో మళ్ళీ శిక్ష వేశారు. ఇంకొకరు శిక్ష అనుభవించడానికి 2019లో జైలుకెళ్ళారు. డొరొతీ సమాధి అనాపులోనే ఉంది. ఆమె తర్వాత కూడా ఆ చుట్టుపక్కల భూమి కోసం రైతుల్ని చంపుతూనే ఉన్నారు.